సీఏపీఎం పాసయ్యాను సరే, ఉద్యోగం ఏదీ?

పాఠకుల ప్రశ్నలు - కెరీర్ జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చుట్టూనే తిరిగాయి, అందులోనూ సీఏపీఎం చుట్టూ. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అని అమెరికాలో 1969లో మొదలైన సంస్థ ఉంది, అందరూ పీఎంఐ అంటారు. అనుభవం ఉన్నవాళ్లకు వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ పీఎంపీ, కొత్తవాళ్లకు ఇచ్చేది సీఏపీఎం. అన్ని ఉత్తరాలూ అచ్చు వేయలేం కాబట్టి కొన్ని ఎంచుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగు, ఎందుకంటే అటు ఇటుగా అదే ప్రశ్న చాలామంది అడిగారు.

ప్రశ్న: సార్, నేను ఈసీఈలో బీటెక్ చేశాను. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో రెండున్నరేళ్లుగా ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పనిలో ఉన్నాను. నైట్ షిఫ్టులు, టికెట్లు, ఇదే జీవితం అయిపోతుందేమోనని టెన్షన్ పట్టుకుని సొంత డబ్బుతో సీఏపీఎం రాసి పాసయ్యాను. నాలుగు నెలలుగా నౌకరీలోనూ లింక్డ్‌ఇన్‌లోనూ ప్రాజెక్ట్ మేనేజర్ పోస్టులకు అప్లై చేస్తూనే ఉన్నాను, ఒక్క కాల్ రాలేదు. ఎక్కడ చూసినా ఎనిమిదేళ్లు, పదేళ్లు, పీఎంపీ తప్పనిసరి అంటున్నారు. అమీర్‌పేటలో తెలిసినవాళ్లొకరు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటున్నారు. నా డబ్బు వృథా అయినట్టేనా?
- పేరు వద్దన్న పాఠకుడు, హనుమకొండ

జవాబు: వృథా ఏమీ కాలేదు. కాకపోతే నాలుగు నెలలుగా మీరు అప్లై చేస్తున్న ఉద్యోగాలు మీకోసం పెట్టినవి కావు.

సీఏపీఎం రాయడానికి మిమ్మల్ని ఏం అడిగారో గుర్తు చేసుకోండి. ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల క్లాసులు, అంతే. అనుభవం ఒక్క రోజు కూడా అక్కర్లేదు. మూడు గంటల్లో 150 ప్రశ్నలు. ఈ సంగతి మీకెంత తెలుసో రిక్రూటర్‌కీ అంతే తెలుసు. పీఎంపీకి అలా కుదరదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు 36 నెలలు ప్రాజెక్టులు నడిపినట్టు అప్లికేషన్‌లో రాయాలి, పీఎంఐ కొందరి అప్లికేషన్లను ఆడిట్‌కి తీసి రుజువులు కూడా అడుగుతుంది. అందుకని ప్రకటనలో పీఎంపీ తప్పనిసరి అని రాసే కంపెనీ అసలు వెతికేది మూడేళ్లు ఎక్కడో దెబ్బలు తిని నేర్చుకుని వచ్చిన మనిషిని. అక్కడికి సీఏపీఎం పట్టుకుని వెళ్తే పిలిచి పీట వేయరు.

వెతికే పేర్లు మార్చండి. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, పీఎంఓ అనలిస్ట్, పీఎంఓ ఎగ్జిక్యూటివ్, ప్రాజెక్ట్ సపోర్ట్, డెలివరీ కోఆర్డినేటర్... కంపెనీని బట్టి పేరు మారుతుంది, పని దాదాపు ఒకటే. పీఎంఓ అంటే పెద్ద కంపెనీల్లో అన్ని ప్రాజెక్టుల లెక్కాపత్రం ఒకచోట చూసే విభాగం. ఇంకో సంగతి, పాసైనవాళ్లలో కూడా చాలామంది పట్టించుకోనిది: 2023లో మార్చిన సిలబస్ ప్రకారం సీఏపీఎంలో 27 శాతం బిజినెస్ అనాలిసిస్ (వ్యాపారానికి ఏం కావాలో తేల్చి రాసే పని) మీదే. కాబట్టి జూనియర్ బిజినెస్ అనలిస్ట్ పోస్టులకు కూడా మొహమాటం లేకుండా పెట్టుకోండి, మీరు చదివిన దాంట్లో నాలుగో వంతుకు పైగా ఆ పనే.

కోఆర్డినేటర్ అంటే మేనేజర్ దగ్గర గుమాస్తా పనేగా అని మీకు అనిపించొచ్చు. గుమాస్తా పనే, కాదనను. మీటింగ్‌లో మినిట్స్ రాయడం, గురువారం సాయంత్రానికి నలుగురు లీడ్‌ల వెంటపడి స్టేటస్ రాబట్టడం, శుక్రవారం క్లయింట్‌కి వెళ్లే రిపోర్ట్‌లో రంగులు (సజావుగా ఉంటే పచ్చ, చెడితే ఎరుపు) నింపడం. కానీ ప్రాజెక్ట్ ఎక్కడ చెడుతుందో ముందు కనిపించేది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే. ఉదాహరణకి రిస్కులు, ఇష్యూలు రాసే ఎక్సెల్ షీట్ ఉంటుంది, రెయిడ్ లాగ్ అంటారు. కొత్తవాళ్లు అందులో ఇలా రాస్తారు: "పేమెంట్ టీమ్‌తో ఫాలో అప్ చేస్తున్నాం." వారం తర్వాత చూసినా అదే వాక్యం, రెండు వారాల తర్వాతా అదే. పని తెలిసినవాళ్లు ఇలా రాస్తారు: "పేమెంట్ టెస్ట్ లాగిన్లు 12వ తేదీకి రావాలి, రాలేదు. ఇవ్వాల్సింది వెండర్ వైపు లీడ్. 16లోగా రాకపోతే 19న టెస్టింగ్ మొదలవదు, రిలీజ్ వారం వెనక్కి పోతుంది. 14 మధ్యాహ్నం మళ్లీ అడగాలి, అప్పటికీ రాకపోతే మన మేనేజర్ వాళ్ల మేనేజర్‌కి ఫోన్ చేయాలి." ఇందులో ఎవరు, ఎప్పటికి, లేకపోతే ఏమవుతుంది, తర్వాత ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. ఇలాంటి వరుసలు పది తయారు చేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి, కంపెనీ పేర్లు, క్లయింట్ వివరాలు తీసేసి. సర్టిఫికెట్ ప్రింటవుట్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది ఆ కాగితం.

ఇంటర్వ్యూలో దాదాపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి: "ఒక లీడ్ ప్రతివారం అంతా గ్రీన్ అంటున్నాడు, పని కాలేదని మీకు అనుమానం. ఏం చేస్తారు?" ఈ పనిలో ఉన్నవాళ్లు ఇలాంటి రిపోర్టుని పుచ్చకాయ అంటారు, పైన పచ్చ, కోస్తే ఎరుపు. పుస్తకంలో చదివింది అప్పజెప్తూ "స్టేక్‌హోల్డర్లతో (ప్రాజెక్ట్‌తో సంబంధం ఉన్నవాళ్లతో) కమ్యూనికేట్ చేస్తాను" అంటే అడిగినవాళ్లకు ఆవలింత వస్తుంది. టాస్కులు రాసుకునే జిరా సాఫ్ట్‌వేర్‌లో ఆ టీమ్ టాస్కులు ఎన్ని 'ఇన్ ప్రోగ్రెస్'లోనే వారాలుగా కూర్చున్నాయో చూస్తాను, ముందు ఆ లీడ్‌తో విడిగా, అందరి ముందూ కాకుండా మాట్లాడతాను, పూర్తయిందన్న ఒక ముక్క డెమో చూపించమంటాను, అప్పటికీ తేలకపోతే రంగు మార్చే ముందు మేనేజర్‌కి చెప్తాను - ఇలా మీ మాటల్లో చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. మీ రెండున్నరేళ్ల సపోర్ట్ అనుభవాన్ని మీరే చులకన చేసుకుంటున్నారు. అర్ధరాత్రి పీ1 (అన్నిటికంటే అత్యవసరమైన టికెట్) వస్తే బ్రిడ్జ్ కాల్‌లో (అందరూ కలిసే ఫోన్ కాల్‌లో) డేటాబేస్ వాళ్లని, నెట్‌వర్క్ వాళ్లని, నిద్రలో ఉన్న డెవలపర్‌ని ఒక్కచోటికి తెచ్చి, అరగంటకోసారి పైవాళ్లకు అప్‌డేట్ రాసింది ఎవరు? రిలీజ్ రాత్రి చెక్‌లిస్ట్ పట్టుకుని ఒక్కో అడుగూ టిక్ పెట్టుకుంటూ వెళ్లింది? కొత్తగా చేరినవాళ్లకు కేటీ (పని నేర్పే క్లాసుల) షెడ్యూల్ వేసింది? రెజ్యూమేలో మీరు 'టికెట్లు హ్యాండిల్ చేశాను' అనే రాసి ఉంటారని నా అనుమానం. దాన్ని తీసేసి ఎన్ని టీమ్‌ల మధ్య, ఏ పనిని, ఎంత గడువులో జరిపించారో రాయండి. మీరు నిజంగా చేసినవే, మీ అంకెలే. ఇంటర్వ్యూలో తవ్వుతారు.

ఇంకా దగ్గరి దారి మీ కంపెనీలోనే ఉంది. ఐజేపీ (కంపెనీ లోపలి ఖాళీల) పోర్టల్ చూస్తున్నారా? లోపలి బదిలీకి మీ మొహం తెలిసినవాళ్లు ఉంటారు, బయటివాళ్లకు మీరు ఒక పీడీఎఫ్. మీ మేనేజర్‌ని నేరుగా "నన్ను పీఎంఓలో వేయండి" అని అడిగితే కంగారుపడతాడు, సపోర్ట్ షిఫ్టులో ఒక మనిషి తగ్గిపోతాడు కదా. బదులుగా చిన్నది అడగండి: వారం రిపోర్ట్ నేను తయారుచేస్తాను, ఫలానా సర్వర్ మైగ్రేషన్‌కి ట్రాకర్ నేను చూసుకుంటాను. విసుగు పుట్టించే ఆ పనిని ఇంకొకరు నెత్తికెత్తుకుంటామంటే వద్దనే మేనేజర్ అరుదు. ఆర్నెల్లు చేశాక మీ రెజ్యూమేలో సీఏపీఎం పక్కన ఒక నిజమైన ప్రాజెక్ట్ ఉంటుంది. అలా నడిపించిన నెలలన్నీ తేదీలతో ఒకచోట రాసి పెట్టుకోండి, రేపు పీఎంపీ అప్లికేషన్‌కి పనికొస్తాయి. అప్పటికి సీఏపీఎం చెల్లుబాటులో ఉంటే పీఎంపీకి అడిగే 35 గంటల క్లాసుల నిబంధన నుంచి మినహాయింపు కూడా ఉంది. సీఏపీఎం మూడేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి, 15 పీడీయూలు (నేర్చుకున్న గంటలకు పీఎంఐ లెక్కేసే పాయింట్లు) కావాలి, మరిచిపోకండి. హైదరాబాద్‌లో పీఎంఐ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది, వాళ్ల కార్యక్రమాలకు వెళ్తే పీడీయూలూ వస్తాయి, కోఆర్డినేటర్లను తీసుకునే మనుషులూ పరిచయమవుతారు. వెళ్లి వెనక వరుసలో కూర్చుని సమోసా తిని వచ్చేయకండి, కుర్చీలు సర్దే వాలంటీర్‌గానైనా చేరండి.

అమీర్‌పేట సంగతి. ఒద్దు. నీతి చెప్పడానికి అనడం లేదు. పీఎఫ్ కట్టిన ప్రతి కంపెనీ పేరూ, చేరిన తేదీ, వదిలిన తేదీ మీ యూఏఎన్ నంబర్ కింద ఈపీఎఫ్ఓ రికార్డులో ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు ఇప్పుడు ముందు చూసేది అదే. లేని కంపెనీ లెటర్ పెడితే ఆఫర్ పోవడం ఒక ఎత్తు, చేరిన తర్వాత బయటపడి పంపించేస్తే అది దాచడం ఇంకో ఎత్తు. పైగా మీ దగ్గర అసలైన రెండున్నరేళ్లు ఉన్నాయి. దాన్ని చెరిపేసి దొంగది పెట్టుకోవడం ఏం లెక్క?

ప్రశ్న: గురువుగారూ, నేను సివిల్‌లో డిప్లొమా తర్వాత బీటెక్ చేసి గుంటూరు జిల్లాలో ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీర్‌గా మూడేళ్లుగా ఉన్నాను. ఎండలో నిలబడే పని నుంచి ప్లానింగ్ వైపు వెళ్లాలని ఉంది. ఫ్రెండ్స్ సీఏపీఎం చేయమంటున్నారు. తర్వాత గల్ఫ్‌కి వెళ్లే ఆలోచన కూడా ఉంది.
- మంగళగిరి

జవాబు: మీకు ముందు ప్రైమవెరా (ప్రాజెక్ట్ షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్), తర్వాతే సీఏపీఎం. అదీ డబ్బు మిగిలితే.

సీఏపీఎం ఇప్పటి సిలబస్‌లో అజైల్ (స్ప్రింట్లు అనే చిన్న చిన్న విడతలుగా పని చేసే పద్ధతి) 20 శాతం, బిజినెస్ అనాలిసిస్ 27 శాతం. రెండూ కలిపి దాదాపు సగం. స్లాబ్ వేసేవాళ్లకు స్ప్రింట్‌తో పనేముంది? ముందే ప్లాన్ వేసుకుని దాని ప్రకారం నడిచే పద్ధతికి, అంటే మీ కన్‌స్ట్రక్షన్‌కి దగ్గరగా ఉన్న భాగానికి ఇచ్చింది 17 శాతమే. మొదటి భాగంలో ఉండే మౌలిక విషయాలు ఎవరికైనా పనికొస్తాయి, కానీ ప్లానింగ్ ఇంజనీర్ పోస్టుకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు లాప్‌టాప్ మీ వైపు తిప్పి ప్రైమవెరా పీ6లో క్రిటికల్ పాత్ (ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టే ఆలస్యమయ్యే పనుల వరుస) చూపించమంటారు. అది వేళ్లకు రావాలి.

ఒక మాట చెప్తాను, కోర్సులో మీకు చెప్పనిది. మీ సైట్‌లో హిండ్రెన్స్ రిజిస్టర్ (పనికి వచ్చిన ఆటంకాలు రాసే పుస్తకం) ఉంటుంది కదా, ప్రభుత్వ పనులైతే తప్పకుండా. దాన్ని ఎవరు రాస్తున్నారు? చాలాచోట్ల బిల్లు పెట్టే ముందు రోజు కూర్చుని గుర్తొచ్చినంత రాసేస్తారు. మీరు అడిగి తీసుకోండి ఆ పని. డ్రాయింగ్ ఏ తేదీన రావాలి, ఏ తేదీన వచ్చింది, స్థలం అప్పగించడం ఎన్ని రోజులు ఆలస్యమైంది, వాన వల్ల ఏ పని ఆగింది, ఆ పని క్రిటికల్ పాత్ మీద ఉందా లేదా. గడువు పొడిగింపు అడిగేటప్పుడు కాంట్రాక్టర్‌ని కాపాడేది ఆ రిజిస్టరే, అది సరిగ్గా లేకపోతే ఆలస్యానికి జరిమానా కాంట్రాక్టర్ జేబులోంచే పోతుంది. రోజూ డీపీఆర్ (ఆ రోజు జరిగిన పని రిపోర్ట్) పంపుతూ, బీఓక్యూ (పనుల పరిమాణాల పట్టిక) చదవగలుగుతూ, ఈ రిజిస్టర్ నడిపి, దాన్ని పీ6 షెడ్యూల్‌తో కలిపి చూపించగలిగిన మూడేళ్ల ఇంజనీర్ దొరికితే ప్లానింగ్ హెడ్‌లు వదులుకోరు. గల్ఫ్‌లో కూడా క్లెయిములే (ఆలస్యానికి అదనపు గడువు, డబ్బు అడగడం) పెద్ద తలనొప్పి, అక్కడా ఈ పని తెలిసినవాళ్లకు విలువ ఉంది.

2025 మేలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి, మీరు ఉన్నది మంగళగిరి. దుబాయ్ వైపు చూసే ముందు పక్క ఊళ్లో ఏ కంపెనీలు ప్లానింగ్ ఆఫీసులు పెట్టాయో కనుక్కోండి. సైట్‌ మీద ఉన్నవాళ్లకు ఆ సమాచారం నౌకరీ వెబ్‌సైట్ కంటే ముందే టీ కొట్టు దగ్గర తెలుస్తుంది.

ప్రశ్న: నమస్తే అండి. మాది విశాఖ, ఇప్పుడు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఎంబీఏ చేసి ఆంధ్రా బ్యాంకులో ఆరేళ్లు పనిచేశాను, బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు మా బ్రాంచిలో మార్పిడి పనులు నేనే చూశాను. తర్వాత ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చాను. పాప పుట్టింది, నాలుగేళ్లు గ్యాప్. ఇప్పుడు హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద పని చేసే అనుమతి) వచ్చింది. మా వారి స్నేహితులందరూ టెస్టింగ్ నేర్చుకోమంటున్నారు, నాకేమో ఇష్టం లేదు. సీఏపీఎం చేస్తే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఎవరైనా తీసుకుంటారా? గ్యాప్ గురించి ఏం చెప్పాలి?
- ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయమే మీ రెజ్యూమేలో మొదటి పేరా కావాలి.

ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది 2020 ఏప్రిల్ 1న. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులవి. అలాంటప్పుడు ఒక బ్రాంచిలో ఖాతాల వివరాలు సరిచూసుకోవడం, కొత్త సిస్టమ్‌కి మారడం, స్టాఫ్‌కి నేర్పించడం, మారిన ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ గురించి పెన్షనర్లకు పదిసార్లు ఓపిగ్గా చెప్పడం, ఇదంతా ప్రాజెక్ట్ కాకపోతే మరేది ప్రాజెక్ట్? అమెరికాలో బ్యాంకులు ఒకదాన్నొకటి కొనుక్కోవడం మామూలే, అప్పుడు సరిగ్గా ఈ పనికే మనుషుల్ని తీసుకుంటారు. మీరు ఉన్న చోటికి దగ్గర్లోనే, ప్లేనోలో, జేపీమోర్గాన్ చేజ్‌కీ క్యాపిటల్ వన్‌కీ పెద్ద క్యాంపస్‌లు ఉన్నాయి. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, ప్రాజెక్ట్ అనలిస్ట్, ఇంటిగ్రేషన్, చేంజ్ మేనేజ్‌మెంట్ అనే మాటలతో వెతకండి. పెద్ద బ్యాంకుల్లో నేరుగా దొరకకపోతే కాంట్రాక్ట్ మీద లోపలికి వెళ్లే దారి కూడా ఉంది, క్రెడిట్ యూనియన్లు, ఆస్పత్రులు, స్కూల్ డిస్ట్రిక్టులు కూడా చూడండి. మనవాళ్లు ఐటీ కంపెనీలు దాటి చూడరు, అందుకే అందరూ ఒకే క్యూలో నిలబడతారు.

సీఏపీఎం మీకు పనికొస్తుంది, ఆ హనుమకొండ అబ్బాయి కంటే మీకే ఎక్కువ. ఎందుకంటే మీకు అనుభవం ఉంది, దాన్ని అక్కడివాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం రావాలి, పైగా సీఏపీఎం కొత్త తేదీతో ఉన్న చదువు. గ్యాప్‌కి అదే సగం జవాబు. మిగతా సగం మామూలుగా చెప్పేయండి: ఇల్లు మారాం, పాప చిన్నది, పని చేయడానికి అనుమతి ఇప్పుడొచ్చింది. రెండు వాక్యాలు చాలు, సంజాయిషీ ఇచ్చినట్టు ఐదు నిమిషాలు చెప్పకండి. అడిగినవాళ్లు కూడా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

ఈలోగా ఖాళీగా ఉండకండి. డాలస్‌లో పీఎంఐ చాప్టర్ ఉంది. టాంటెక్స్ (ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం) ఎలాగూ మీ ఊళ్లోదే. ఉగాది కార్యక్రమానికి వేదిక, భోజనాలు, స్పాన్సర్లు, టికెట్లు, పాటలు పాడే పిల్లల తల్లిదండ్రులు (అందరికంటే కష్టమైన స్టేక్‌హోల్డర్లు వీళ్లే), ఇవన్నీ ఒక షీట్‌లో పెట్టి నడిపించి చూడండి, తర్వాత ఇంటర్వ్యూలో బడ్జెట్ ఎంతో, ఎక్కడ తేడా వచ్చిందో, ఎలా సర్దారో చెప్పగలుగుతారు. స్థానిక అమెరికన్ స్వచ్ఛంద సంస్థలో చేస్తే ఇంకా మంచిది, అక్కడివాళ్లు రిఫరెన్స్ ఇస్తారు.

ఒక జాగ్రత్త. మీ ఆరేళ్లని పదేళ్లు చేసి, ఇండియాలో ఏదో క్లయింట్ పేరు తగిలించి మార్కెటింగ్ చేస్తామనే కన్సల్టెన్సీలు మీ దగ్గరికీ వస్తాయి. వీసా మీద ఉన్న కుటుంబం, రాతపూర్వకంగా ఉన్న ఏ అబద్ధమూ మీకు మంచిది కాదు.

ప్రశ్న: మాది అనంతపురం. బీకామ్ ఫైనలియర్. తెలుగు మీడియంలో చదివాను. సీఏపీఎం ఇప్పుడే రాయొచ్చా? లేక గూగుల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు చాలా? స్క్రమ్ మాస్టర్ చేస్తే జీతం ఎక్కువ అంటున్నారు నిజమేనా?
- డిగ్రీ విద్యార్థిని

జవాబు: రాయొచ్చు, ఇంటర్ పాసైతే చాలన్నాను కదా. కానీ గూగుల్ కోర్సుతో మొదలుపెట్టు తల్లీ. అది కోర్సెరాలో ఉంటుంది, అది పూర్తిచేస్తే సీఏపీఎంకి కావాల్సిన 23 గంటలు అందులోనే వచ్చేస్తాయి, వేరే కోచింగ్ ఫీజు కట్టక్కర్లేదు. పైగా నాలుగు వారాలు చూశాక ఈ పని నీకు నచ్చుతుందో లేదో కూడా తెలుస్తుంది. నచ్చితే పీఎంఐలో స్టూడెంట్ మెంబర్‌షిప్ తీసుకుని పరీక్షకు వెళ్లు, సభ్యులకు ఫీజు తక్కువ. ఎంతో వాళ్ల సైట్‌లోనే చూడు, ఎవరో చెప్పింది నమ్మకు.

స్క్రమ్ అంటే అజైల్‌లో ఒక పద్ధతి, టీమ్‌లో అది సాగేలా చూసేవాళ్లు స్క్రమ్ మాస్టర్. ఆ వైపు పీఎస్ఎం 1 అని ఒక పరీక్ష ఉంది, గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం వస్తేనే పాస్. చదవాల్సిన స్క్రమ్ గైడ్ చిన్న పుస్తకం, ఇంటర్నెట్‌లో ఉచితం. చదువు, నష్టం లేదు. అయితే ఫ్రెషర్‌ని స్క్రమ్ మాస్టర్‌గా తీసుకునే కంపెనీలు బహు తక్కువ, ఎందుకంటే పదేళ్ల డెవలపర్‌కి నువ్వు వెళ్లి "ఇలా చేయండి అన్నా" అని చెప్పాలి, వింటాడా?

బీకామ్ నీకు బలం, అది మరిచిపోకు. ప్రాజెక్ట్ బడ్జెట్, ఇన్వాయిస్, ఖర్చు లెక్క చూసే పీఎంఓ పనులకు బీటెక్‌వాళ్ల కంటే నువ్వే నయం. ఎక్సెల్‌లో పివోట్ టేబుల్, లుకప్‌లు గట్టిగా నేర్చుకో. తెలుగు మీడియం గురించి: పరీక్ష తెలుగులో లేదు, కానీ ప్రశ్నల ఇంగ్లిష్ కష్టమైనదేం కాదు. ఉద్యోగంలో అసలు పరీక్ష మెయిల్ రాయడంలో ఉంటుంది. రోజూ ఒక చిన్న మెయిల్ రాయి, ఎవరికి ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఐదు లైన్లు దాటకుండా. కాలేజీ ఫెస్ట్ ఉంటే దాని పేరుతోనే రాయి.

ప్రశ్న: ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు 45 వేలకు సీఏపీఎం కోచింగ్, 100 శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. చేరమంటారా?
- ఎల్బీ నగర్

జవాబు: అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేరుగా వెళ్లి మూడు విషయాలు అడగండి. ఆ 45 వేలలో పీఎంఐకి కట్టే పరీక్ష ఫీజు ఉందా, విడిగా కట్టాలా? చాలామందికి ఇది చివర్లో తెలుస్తుంది. వాళ్లిచ్చే 23 గంటల సర్టిఫికెట్‌తో పరీక్ష రాసిన ఒక్క విద్యార్థి పేరు చెప్పగలరా? ప్లేస్‌మెంట్ అంటే కోఆర్డినేటర్ పనా, లేక టెలీకాలింగ్‌లో కూర్చోబెట్టి దాన్నే ప్లేస్‌మెంట్ అంటారా? మూడో ప్రశ్నకు కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడించమనండి, వాళ్లు ఏ హోదాలో చేరారో వాళ్ల నోటితోనే వినండి. మాట్లాడిస్తే అప్పుడు ఆలోచించండి, అదీ మొత్తం ఒకేసారి కట్టకుండా. "ప్రైవసీ సార్" అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.